ఆంధ్ర విశ్వవిద్యాలయ సభలకు, శిక్షణలకు బయటివారు వెళ్లే దారి

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవారిలో కూడా చాలామందికి ఆంధ్ర విశ్వవిద్యాలయం అంటే పిల్లల అడ్మిషనుకో, సర్టిఫికెట్ల పనికో, ఉదయపు నడకకో వెళ్లే చోటు మాత్రమే. అక్కడి సెనేట్ హాలులో ఒక చరిత్రకారుడు మాట్లాడుతుంటే వెనక వరుసలో కూర్చుని వినవచ్చునని, రంగస్థల కళల శాఖ విద్యార్థులు ఏడాది పొడవునా నేర్చుకుని వేసే నాటకాన్ని ఊరివాళ్లూ చూడవచ్చునని, సముద్రం గురించి పరిశోధించే ఆచార్యుణ్ని తెలుగులోనే ప్రశ్న అడగవచ్చునని వారికి ఎవరూ చెప్పి ఉండరు. గేటు దగ్గర ఎవరైనా ఆపుతారేమో, లోపల 'మీరెవరు' అని అడుగుతారేమో అన్న బిడియమే చాలామందిని ఇంటి దగ్గర ఆపేస్తుంది. ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు, పోటీ పరీక్షలకు చదువుతున్నవారు, గృహిణులు ఆ బిడియం లేకుండా వెళ్లి రావడానికి అవసరమైన వివరాలను ఇక్కడ రాస్తున్నాను.

మొదట గుర్తుంచుకోవలసింది ఒక్కటే. విశ్వవిద్యాలయంలో జరిగే కార్యక్రమాలన్నిటికీ ఒకే తలుపు లేదు. ప్రతి కార్యక్రమానికీ ఒక నిర్వాహకుడు, ఒక నిధి ఉంటాయి; ఆ రెండూ ఏమిటో ఆహ్వాన పత్రం చూసి పోల్చుకోగలిగితే ఎవరు వెళ్లవచ్చో, రుసుము ఉంటుందో లేదో, ఎంతసేపు కూర్చోవలసి వస్తుందో ముందే తెలిసిపోతుంది. ఆహ్వాన పత్రం మీద పెద్ద అక్షరాల్లో ఉండే ముఖ్య అతిథి పేరు కన్నా, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే శాఖ పేరు, కన్వీనరు పేరు, 'ఆర్థిక సహాయం' అన్న పంక్తి మనకు ఎక్కువ పనికొస్తాయి.

ఏ సభకు ఎవరు వెళ్లవచ్చు

బయటివారికి అన్నిటికన్నా సులువుగా అందేవి ధర్మనిధి ఉపన్యాసాలు. వీటినే ఎండోమెంట్ లెక్చర్లు అని, ఒకరి పేరు మీద జరిగితే స్మారకోపన్యాసాలని అంటారు. ఒక కుటుంబమో, పూర్వ విద్యార్థుల బృందమో కొంత సొమ్మును విశ్వవిద్యాలయానికి అప్పగిస్తే, దాని మీద వచ్చే వడ్డీతో వక్త ప్రయాణ ఖర్చులు, గౌరవ పారితోషికం, హాలు ఏర్పాట్లు జరుగుతాయి. సాధారణంగా దాత కోరేది నలుగురూ వచ్చి వినాలనే కాబట్టి, వీటికి రిజిస్ట్రేషన్ గాని రుసుము గాని మామూలుగా ఉండవు. ఇది ఈ విశ్వవిద్యాలయంలో పాత సంప్రదాయం. 1926లో బెజవాడ కేంద్రంగా ఏర్పడి, 1930లో విశాఖలోని వాల్తేరుకు తరలివచ్చిన ఈ సంస్థలో, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్న రోజుల్లో, 1933లో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చి ప్రసంగించినది అల్లాడి కృష్ణస్వామి అయ్యరు పేరిట ఉన్న ధర్మనిధి కిందనే. వక్త ఒక్కరే ఉంటారు, గంటో గంటన్నరో మాట్లాడతారు, చివర ప్రశ్నలు ఉంటాయి. మొదటిసారి వెళ్లేవారు ఇలాంటి ఉపన్యాసాన్నే ఎంచుకోవాలని నా సలహా.

జాతీయ, అంతర్జాతీయ సదస్సుల సంగతి వేరు. ఇవి రెండు మూడు రోజులు జరుగుతాయి. వీటికి విశ్వవిద్యాలయ నిధుల సంఘమో, భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలో, కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగమో డబ్బు ఇస్తుంది. పత్రం సమర్పించేవారు ముందుగా సారాంశం పంపి, రుసుము కట్టి ప్రతినిధులుగా నమోదు కావాలి. పత్రం లేకుండా వినడానికి మాత్రమే వెళ్లదలచినవారు కన్వీనరుకు ఒకటి రెండు రోజుల ముందు ఫోను చేసి 'శ్రోతగా రావచ్చునా అండీ' అని అడిగితే చాలు. భోజనం, సంచి, ధ్రువపత్రం ఆశించనంతవరకు కాదనేవారు అరుదు. మొదటి రోజు జరిగే ప్రారంభ సభకు ఎవరైనా వెళ్లవచ్చు గాని, వినవలసిన సరుకు అక్కడ తక్కువ. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, వేదిక మీదివారి పరిచయాలు, దుశ్శాలువాలు, జ్ఞాపికలు పూర్తయ్యేసరికి ఒక్కొక్కసారి గంట గడిచిపోతుంది. కీలకోపన్యాసం మాత్రం వదలకూడదు. ఆ తరువాత టీ విరామం దాటాక మొదలయ్యే చర్చా సమావేశాల్లోనే అసలు విషయం ఉంటుంది. అక్కడ గదిలో ముప్పై మంది కూడా ఉండరు కనుక మాట్లాడే అవకాశమూ ఎక్కువే.

స్నాతకోత్సవం ఆహ్వానితులకు, పట్టా తీసుకునేవారికి ఉద్దేశించినది, సర్ సి.ఆర్. రెడ్డి స్నాతకోత్సవ మందిరంలో గవర్నరు హాజరయ్యే సభ కాబట్టి భద్రతా ఏర్పాట్లు గట్టిగా ఉంటాయి. ఆహ్వానం లేకపోతే ఆ రోజు ఆ వైపు వెళ్లకపోవడమే మంచిది.

శిక్షణ కార్యక్రమాలు: చేరేముందు చూడవలసినవి

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే, డబ్బు పోగొట్టుకునే అవకాశం ఉన్నదీ ఇక్కడే. అందుచేత దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

విశ్వవిద్యాలయంలో జరిగే శిక్షణలన్నీ అందరి కోసం కావు. ఒకప్పుడు అకడమిక్ స్టాఫ్ కాలేజీ అని పిలిచిన కేంద్రం ఇప్పుడు మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పథకం కింద నడుస్తోంది. అక్కడ జరిగే రిఫ్రెషర్ కోర్సులు, కొత్త అధ్యాపకుల ప్రవేశ శిక్షణ డిగ్రీ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో పనిచేసే అధ్యాపకులకు మాత్రమే. పదోన్నతికి ఆ ధ్రువపత్రాలు అవసరం కాబట్టి సీట్లు త్వరగా నిండిపోతాయి, కళాశాల ప్రిన్సిపాలు అనుమతి పత్రం తప్పనిసరి. పాఠశాల ఉపాధ్యాయులు వీటికి దరఖాస్తు చేసి తిరస్కరణకు గురికావడం కన్నా, తమ విద్యాశాఖ శిక్షణల్లో విశ్వవిద్యాలయ ఆచార్యులు పాఠం చెప్పే రోజులను కనిపెట్టి వెళ్లడం మేలు.

పరిశోధన పద్ధతుల మీద జరిగే పది రోజుల కోర్సులు సామాజిక శాస్త్రాల్లో పీహెచ్‌డీ చేస్తున్నవారికోసం. భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి సహాయంతో నడిచేవైతే దరఖాస్తుతో పాటు పర్యవేక్షకుల సిఫారసు లేఖ పంపాలి. విదేశీ ఆచార్యులు ఇక్కడికి వచ్చి ఒకటి రెండు వారాలు బోధించే జ్ఞాన్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టింది. అలాంటి కోర్సుల్లో విద్యార్థులకు ఒక రుసుము, పరిశ్రమల్లో పనిచేసేవారికి అంతకన్నా ఎక్కువ రుసుము ఉండడం మామూలు. మన ఊళ్లో ఉక్కు కర్మాగారం, ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, ఔషధ పరిశ్రమలు ఉన్నాయి గనుక, ఇంజనీరింగు, రసాయన శాఖలు పెట్టే స్వల్పకాలిక కోర్సుల్లో ఉద్యోగులకు కొన్ని సీట్లు ఉంచడం కద్దు. మీ సంస్థ మానవ వనరుల విభాగం ద్వారా వెళ్తే రుసుమును సంస్థే భరించవచ్చు కాబట్టి, సొంత జేబులోంచి కట్టేముందు ఆఫీసులో ఒక మాట అడగండి.

బ్రోచర్ చేతికి రాగానే చూడవలసింది అర్హత ఏమిటన్నది. 'రీసెర్చ్ స్కాలర్లు, అధ్యాపకులు' అని మాత్రమే ఉంటే అందులో మీరు లేరు. 'ఆసక్తి ఉన్నవారు' అన్న మాట ఉంటే ధైర్యంగా దరఖాస్తు చేయవచ్చు. డబ్బు ఏ ఖాతాకు వెళ్తోందన్నది అంతకన్నా ముఖ్యం. విశ్వవిద్యాలయ శాఖలు నడిపే కార్యక్రమంలో రుసుము రిజిస్ట్రారు పేరునో, శాఖ పేరునో, సదస్సు పేరునో ఉన్న ఖాతాకు వెళ్తుంది, రసీదు వస్తుంది. వ్యక్తి పేరు మీదున్న ఫోన్ నంబరుకు డబ్బు పంపమంటే, ఆ శాఖ కార్యాలయానికి స్వయంగా వెళ్లి కనుక్కునేదాకా పంపకండి. విశ్వవిద్యాలయం హాలును అద్దెకు తీసుకుని బయటి సంస్థలు సభలు పెట్టుకోవడం మామూలే. వేదిక ఆంధ్ర విశ్వవిద్యాలయమైనంత మాత్రాన నిర్వాహకులు ఆంధ్ర విశ్వవిద్యాలయం కానక్కరలేదు. ఆహ్వానం మీద ముద్ర ఎవరిది, సంతకం ఎవరిది అన్నది చూస్తే ఈ తేడా తేలిపోతుంది.

ధ్రువపత్రం విషయంలో కూడా ఆశలు తగ్గించుకోవాలి. చాలా వర్క్‌షాపుల్లో ఇచ్చేది హాజరైనట్టు తెలిపే పత్రమే. దానికి కోర్సు సర్టిఫికెట్టు విలువ ఉండదు, ఉద్యోగ దరఖాస్తులో అది పెద్దగా నిలబడదు. నేర్చుకోవడానికి వెళ్తే ఆ పత్రం లేకపోయినా నష్టం లేదు. పత్రం కోసమే వెళ్తే మూడు రోజుల కాలం వృథా అని నా అభిప్రాయం.

సమాచారం ఎక్కడ దొరుకుతుంది

శాఖలు వేటికవే కార్యక్రమాలు పెట్టుకుంటాయి కాబట్టి, విశ్వవిద్యాలయ వెబ్‌సైటును ఒక్కదాన్నే నమ్ముకుంటే సగం సంగతులు తెలియవు. తెలుగు దినపత్రికల జిల్లా అనుబంధాల్లో వచ్చే 'నగరంలో నేడు' శీర్షికను పొద్దున్నే ఒకసారి చూడడం ఇప్పటికీ మంచి పద్ధతే. కాకపోతే ఆ రోజు సభ ఆ రోజే తెలుస్తుంది. అంతకన్నా ముందు తెలియాలంటే, మీకు ఆసక్తి ఉన్న ఒకటి రెండు శాఖలను ఎంచుకుని, ఆ శాఖ కార్యాలయం ముందున్న నోటీసు బోర్డును నెలకొకసారి చూసిరావాలి. అక్కడి రీసెర్చ్ స్కాలర్లలో ఎవరితోనైనా పరిచయం చేసుకుంటే ఆహ్వాన పత్రాలు వాట్సాప్‌లో వాటంతట అవే వస్తాయి. ఈ పరిచయం ఒక్కటి అన్ని వెబ్‌సైట్లకన్నా నమ్మకమైనది. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి అలవాటుగా వెళ్లేవారికి కూడా ఇలాంటి కబుర్లు అందుతుంటాయి.

కొన్ని తేదీలు ముందే గుర్తు పెట్టుకోవచ్చు. ఫిబ్రవరి 21న మాతృభాషా దినోత్సవం, ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి జయంతి సందర్భంగా తెలుగు భాషా దినోత్సవం వస్తాయి. గిడుగు మన ఉత్తరాంధ్రవాడే కాబట్టి తెలుగు శాఖలోనూ నగరంలోని సాహిత్య సంస్థల్లోనూ ఆ వారం సభలు ఎక్కువ. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. జూన్ 29 గణాంక దినోత్సవం. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం అందుకున్న సి.ఆర్. రావు ఈ విశ్వవిద్యాలయంలోనే ఎమ్మే గణితం చదివారు కనుక ఇక్కడ ఆ రోజుకు ప్రత్యేకమైన అర్థం ఉంది. మార్చి 23 ప్రపంచ వాతావరణ దినం, మార్చి 27 ప్రపంచ రంగస్థల దినం, డిసెంబరు 22 జాతీయ గణిత దినం. వీటికి తోడు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) వ్యవస్థాపక దినమైన సెప్టెంబరు 26 ప్రాంతంలో, దాని కింద పనిచేసే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు నగరంలో ఉన్న ప్రాంతీయ కేంద్రం విద్యార్థులను లోపలికి రానిచ్చి పరికరాలు చూపించే అవకాశం ఉంటుంది. అది విశ్వవిద్యాలయంలో భాగం కాకపోయినా, సముద్రం మీద ఆసక్తి ఉన్నవారికి రెండూ ఒకే దారిలోవి. అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1950ల్లో ఇక్కడికి వచ్చి బోధించి, నౌకాదళం ఓడల మీద విద్యార్థులను బంగాళాఖాతంలోకి తీసుకెళ్లినప్పటినుంచి సముద్ర విజ్ఞానం వాల్తేరుకు సొంత విద్య అయింది.

ఇంకొక సంగతి. సదస్సులన్నీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎందుకు మూకుమ్మడిగా వచ్చిపడతాయని కొత్తవారు ఆశ్చర్యపోతారు. మంజూరైన నిధిని మార్చి 31 లోపల ఖర్చు చేసి లెక్క చెప్పాలన్న నిబంధనే దానికి కారణం. ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు, ఎండలు; అప్పుడు వెతికినా పెద్దగా ఏమీ దొరకదు.

వెళ్లే రోజు

ప్రాంగణం రెండు భాగాలు. ఆర్ట్స్, సైన్సు కళాశాలలున్నది దక్షిణ ప్రాంగణం. ఇంజనీరింగు కళాశాల ఉన్నది ఉత్తర ప్రాంగణం. 'ఏయూలో సభ' అని మాత్రమే తెలుసుకుని బయల్దేరితే ఎండలో ఒక కొస నుంచి ఇంకో కొసకు నడవవలసి వస్తుంది. వైవీఎస్ మూర్తి ఆడిటోరియం, టీఎల్ఎన్ సభా హాలు, సెనేట్ హాలు, స్నాతకోత్సవ మందిరం వేర్వేరు చోట్ల ఉన్నాయి. బీచ్ రోడ్డులోని కన్వెన్షన్ సెంటరు వీటన్నిటికీ దూరం. ఆటో మాట్లాడుకునేటప్పుడు హాలు పేరుతో పాటు ఇన్ గేటా, ఔట్ గేటా, ఇంజనీరింగు కళాశాల వైపా అన్నది చెప్పాలి. బస్సులో వచ్చేవారు దక్షిణ ప్రాంగణానికైతే సిరిపురం వైపు, ఇంజనీరింగు కళాశాలకైతే మద్దిలపాలెం వైపు దిగితే నడక తగ్గుతుంది. ఆధార్ కార్డో, ఉద్యోగ గుర్తింపు కార్డో, ఫోనులో ఆహ్వాన పత్రమో దగ్గర ఉంటే గేటు దగ్గర మాటలు పెరగవు.

నౌకాదళ దినోత్సవ విన్యాసాలు జరిగే రోజున వాటిని చూడడానికి ఊరంతా రామకృష్ణా బీచికి కదులుతుంది. ఆ సాయంత్రం బీచ్ రోడ్డు వైపు ఏ సభకూ సకాలంలో చేరలేరు. అక్టోబరు, నవంబరుల్లో ఆరుబయట జరిగే సాంస్కృతిక కార్యక్రమాలకు వెళ్లేముందు వాతావరణ సూచన చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ప్రాంగణంలో చెట్లను ఎలా కూల్చిందో చూసినవారికి దీన్ని గురించి వేరే చెప్పనక్కరలేదు.

ముందు రెండు వరుసలు ఆచార్యులకు, అతిథులకు వదిలి మూడో వరుస నుంచి ఎక్కడైనా కూర్చోవచ్చు. ఉపన్యాసం మధ్యలో లేవవలసి వస్తుందనుకుంటే చివరి కుర్చీ ఎంచుకోండి. ఆచార్యులను 'సర్', 'మేడమ్', 'గారూ' అని సంబోధించడం అక్కడి వాడుక. వక్తను ఫోటో తీయవచ్చు గాని, ప్రసంగం మొత్తాన్ని రికార్డు చేయాలంటే నిర్వాహకులను ముందే అడగాలి. ఇంకా అచ్చు కాని పరిశోధన ఫలితాలు తెర మీద చూపించినప్పుడు వాటిని ఫోటో తీసి ఇతరులకు పంపడం మర్యాద కాదు.

ప్రశ్న ఎలా అడగాలి

బయటివారు వెళ్లి వినడమే కాకుండా మాట్లాడితేనే ఆ సభకు నిండుదనం వస్తుంది, మీకూ ఆ రోజు గుర్తుండిపోతుంది. దానికి కొంచెం ముందస్తు చదువు కావాలి. వక్త పేరు తెలియగానే 'శోధ్‌గంగ'లో వెతకండి. దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఉచితంగా చదువుకోవడానికి వీలుగా ఉంచిన భాండాగారం అది. వక్తదో, వారి శిష్యులదో ఒక గ్రంథం దొరికితే మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం తిరగేస్తే చాలు, ఏది తేలిన సంగతి, ఏది ఇంకా తేలవలసిన సంగతి అన్నది అర్థమవుతుంది.

ప్రశ్న అడిగేటప్పుడు లేచి నిలబడి పేరు, ఊళ్లో ఏ ప్రాంతం, ఏం చేస్తుంటారు అన్నది ఒక్క వాక్యంలో చెప్పి, ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. మన సభల్లో ప్రశ్న పేరుతో అయిదు నిమిషాల ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. ఆ స్థానం ఖాళీగా కనిపించినా మీరు భర్తీ చేయవద్దు. ప్రసంగం ఇంగ్లీషులో సాగినా ప్రశ్న తెలుగులో అడగడానికి సంకోచించనవసరం లేదు. వక్త తెలుగువారు కాకపోతే అధ్యక్షులు అనువదిస్తారు. జాలరిపేట నుంచి వచ్చిన మనిషి 'వేట నిషేధం ఉన్న రోజుల్లో చేప నిజంగా పెరుగుతోందా' అని అడిగితే, అది ఏ పత్ర సమర్పణకూ తీసిపోని ప్రశ్న. సభ అయ్యాక టీ దగ్గర వక్త దొరికితే అప్పుడు మిగిలిన సందేహం అడగవచ్చు. హాలులో కుదరని మాటలు అక్కడ తీరిగ్గా సాగుతాయి.

నాటకం, సంగీతం, యువజనోత్సవాలు

సాంస్కృతిక కార్యక్రమాల్లో చూడదగినవి రంగస్థల కళల శాఖ ప్రదర్శనలు. అవి విద్యార్థుల చదువులో భాగం కాబట్టి, బయటి నాటక పరిషత్తుల్లో బహుమతి కోసం వేసే నాటకాల్లో లేని తెగువ వాటిలో ఉంటుంది, తప్పటడుగులూ ఉంటాయి. ప్రేక్షకులు తక్కువ కనుక పదిహేను నిమిషాలు ముందు వెళ్తే మంచి చోటు దొరుకుతుంది, ఆలస్యంగా వెళ్తే చీకట్లో కుర్చీ వెతుక్కోవాలి.

భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం పద్ధతిలో జరిగే యువజనోత్సవాల్లో సంగీతం, నృత్యం, సాహిత్యం, రంగస్థలం, లలితకళలు అన్న అయిదు విభాగాల్లో పోటీలుంటాయి. అనుబంధ కళాశాలల విద్యార్థులు అరకు థింసా, తప్పెటగుళ్లు ఇక్కడి వేదికకు తెచ్చే రోజులవి. పోటీలు పొద్దున్నుంచి రాత్రి దాకా సాగుతాయి కాబట్టి సమయపట్టిక తీసుకుని జానపద నృత్యం, ఏకాంకిక జరిగే వేళకు వెళ్లడం తెలివైన పని. విద్యార్థుల రద్దీ, ఈలలు, గోల భరించలేనివారికి సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం, పిఠాపురం కాలనీలోని కళాభారతి ఉండనే ఉన్నాయి.

పిల్లలను తీసుకురాదలచిన పాఠశాలలు మాత్రం కనీసం రెండు వారాల ముందు పాఠశాల లెటర్‌హెడ్ మీద శాఖాధిపతికి ఉత్తరం రాయాలి. ఎంతమంది పిల్లలు, ఏ తరగతి, వెంట వచ్చే ఉపాధ్యాయులు ఎవరు, ఏ వేళకు వచ్చి ఏ వేళకు వెళ్తారు అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. ప్రయోగశాల కూడా చూడాలనుకుంటే ఆ మాట విడిగా రాసి, ఒక్కో జట్టుకు పదిహేను ఇరవై మంది చొప్పున విడగొడతామని చెబితే అనుమతి త్వరగా వస్తుంది. ఉత్తరం పోస్టులో వేసి ఊరుకోకుండా స్వయంగా తీసుకెళ్లి, ఇంకో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని రండి.